మీటింగు ఎక్కడో చెప్పే బోర్డు పెట్టించండి సార్

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే మీటింగు ఒకటుంది, అది ఎక్కడో చెప్పే బోర్డు కావాలని రాస్తున్నాను. నిజానికి ఇది సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీగా ఇవ్వాల్సిన విషయం. అర్జీలో పేరు, ఫోన్ నంబరు రాయాలి. రాస్తే మా తమ్ముడెవరో తెలిసిపోతుంది. అందుకే పేరు లేకుండా ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

వాడు మందు మానేసి పద్నాలుగు నెలలైంది. అంతకుముందు పదకొండేళ్ళు తాగాడు. మాన్పించడానికి మేము చేయని పని లేదు. గంగమ్మ గుడిలో ఒట్టు వేయించాం. అయ్యప్ప మాల వేయించాం. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే సందు చివర పడిపోయి కనిపించాడు. ఎవరో చెప్పారని మా అమ్మ ఒక పొడి తెచ్చి వాడికి తెలియకుండా పప్పులో కలిపింది. అదేం మందో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి వాడికి వాంతులు, గుండె దడ. ఇంకోసారి గదిలో ఉంచి బయట గడియ పెట్టాం. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఆ డాక్టరు గారికి చచ్చేదాకా రుణపడి ఉంటాం. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, మతి చెదిరి లేనివి కనిపించవచ్చని, అది ప్రాణం మీదికి తేవచ్చని, డాక్టరు చూసుకుంటుండగానే మానాలని అప్పుడే తెలిసింది. గడియ పెట్టిన చేయి నాదే సార్. ముందే ఎవరైనా చెప్పి ఉంటే పెట్టేదాన్ని కాదు.

డిశ్చార్జి చీటీలో మాత్రలు రాశారు. సాయంత్రం ఏడయ్యేసరికి వాడి కాళ్ళు వైన్ షాపు వైపు లాగితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పక్క మంచం పేషెంటు భార్య ఒకామె "మా ఆయన మీటింగుకు పోయి బాగుపడినాడు మా, ఇప్పుడు జ్వరమొచ్చి చేరినాడు" అంది. ఎక్కడని అడిగేలోపే వాళ్ళను వేరే వార్డుకు మార్చారు. ఆ ఒక్క మాట పట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. సచివాలయంలో అడిగాను, ఆశా వర్కర్‌ని అడిగాను. "యాడో ఉందంటక్కా" అన్నవాళ్ళే. ఒక ప్రైవేటు సెంటర్ వాళ్ళు అడ్వాన్సు కట్టి వదిలేసి పొమ్మన్నారు, మూడు నెలలు చూడనివ్వమన్నారు. చివరికి ఆటో స్టాండులో ఒకాయన నా మాటలు విని, పక్కకు పిలిచి, "నేను పొయ్యేది ఆడికేక్కా" అని గొంతు తగ్గించి చెప్పాడు. బాడుగ తీసుకోకుండా తనే తీసుకెళ్ళాడు.

అదొక బడి గది. బోర్డు మీద పిల్లల లెక్కలు చెరపకుండా ఉన్నాయి. చిన్న బెంచీల మీద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు పేరు మాత్రం చెప్పి, తాము ఏం పోగొట్టుకున్నారో చెబుతున్నారు. మధ్యలో ఎవరూ అడ్డం రాలేదు, బుద్ధులు చెప్పలేదు. టీ ఇచ్చినప్పుడు అందరికీ గ్లాసు నిండా పోసి, మా తమ్ముడికి మాత్రం సగమే పోశారు. వాడి చేతులు వణుకుతున్నాయి కదా, ఒలికితే సిగ్గుపడతాడని. అది చెప్పకుండా తెలిసిన మనుషులు వాళ్ళు. వాడు ఆ సగం గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు. మరుసటి మీటింగుకు నేను చెప్పకముందే చొక్కా మార్చుకున్నాడు.

ఇలాంటి మీటింగులు 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో మొదలయ్యాయట. తాగుడు నుంచి బయటపడాలనుకున్న ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ ఒకరికొకరు తోడు నిలబడ్డారు. దాన్నే ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటారు, మనవాళ్ళు ఏఏ మీటింగ్ అంటారు. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. బయటివాళ్ళు ఇచ్చే చందా తీసుకోరు, టీ ఖర్చూ గది ఖర్చూ వాళ్ళలో వాళ్ళే వేసుకుంటారు. కాబట్టి నేను మిమ్మల్ని డబ్బు అడగడం లేదు సార్.

వైన్ షాపులు మూయించమనీ అడగడం లేదు. 1992లో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే మరుసటి ఏడాది సారా ఆగింది. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, రెండేళ్ళకే ఎత్తేశారు. ఆ పెద్ద మాట పెద్దవాళ్ళు మాట్లాడుకోవాలి.

నేను అడిగేది ఇంత. మీటింగుకు వచ్చేవాళ్ళ పేర్లు రహస్యంగా ఉండాలి. గది అడ్రసు ఎందుకు రహస్యం కావాలి? వాళ్ళు తమ గురించి ప్రచారం చేసుకోరు, అది వాళ్ళ పద్ధతి. అందుకే ఆ పని మీరు చేయించాలి. జిల్లాలో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ మీటింగు ఉందో వాళ్ళనే అడిగి, ప్రతి ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గర, ప్రతి సచివాలయంలో, ఆర్టీసీ బస్టాండులో తెలుగులో రాయించండి. కింద 14446 హెల్ప్‌లైన్ నంబరు కూడా వేయించండి. తాగుడు కేసు డిశ్చార్జి చీటీ మీద ఆ అడ్రసు ముద్ర వేయమనండి. ఆశా వర్కర్లకు ఒక పూట చెప్పించండి, ఇంట్లో గడియ పెట్టి మాన్పించొద్దని కూడా. మీటింగులు లేని మండలాల్లో ఎవరైనా మొదలుపెడతామంటే, సాయంత్రం ఖాళీగా ఉండే బడి గది తాళం ఇప్పించండి.

పోయిన ఆదివారం వెంకటగిరి నుంచి ఒకామె భర్తను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. తాగుడు మీటింగు ఎక్కడని వీధిలో అడగడానికి నోరు రాక, ఆ చుట్టుపక్కలే గంటసేపు తిరిగిందట. ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి మా తమ్ముడు గదికి తాళం వేస్తున్నాడు.

ఇట్లు,
ఒక అక్క,
తిరుపతి