కోదాడకు రెండు గౌన్లు పంపాలంటే

కేంద్ర ఆర్థిక మంత్రి, జీఎస్టీ కౌన్సిల్ అధ్యక్షురాలు శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలు.

అమ్మా,

నేను జగ్గయ్యపేటలో ఉంటాను. ఇంట్లో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని చిన్నపిల్లల గౌన్లు కుడతాను. ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, డబ్బు ఫోన్‌లో పడుతుంది, పార్సిల్ కొరియర్‌లో వెళ్తుంది. పోయిన ఏడాది మొత్తం అమ్మకం మూడు లక్షలకు కాస్త అటూ ఇటూగా తేలింది. బట్ట, లైనింగు, లేసు, జిప్పులు, కొరియర్ ఖర్చు పోగా అందులో మిగిలేదెంతో కుట్టుపని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు.

మొన్న కోదాడ నుంచి ఒకావిడ రెండు గౌన్లు కావాలని అడిగారు. కోదాడ మాకు గంట దూరం కూడా లేదు. నేను పంపలేనన్నాను. అదే శ్రీకాకుళం నుంచి అడిగి ఉంటే ఆ సాయంత్రమే ప్యాక్ చేసేదాన్ని. అది మాకు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే, కానీ మా రాష్ట్రంలోదే. 2014 జూన్ 2న మాకూ కోదాడకూ మధ్య రాష్ట్ర సరిహద్దు వచ్చింది. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో నాలాంటివాళ్లకు అది గోడే.

నిబంధన మీకు తెలియనిది కాదు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. అయితే పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిందంటే కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని సెక్షన్ 24 అడ్డొస్తుంది. అప్పుడు 40 లక్షలూ లేవు, 20 లక్షలూ లేవు. చేత్తో చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు తప్ప, మొదటి రూపాయికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాట్సాప్‌లో చీరలు, నగలు, బొమ్మలు అమ్ముతూ దేశమంతా పార్సిళ్లు పంపే ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు కొందరు తెలియనట్టు ఉంటారు. నాకు ఆ ధైర్యం లేదు.

మా తమ్ముడు ఇదే ఇంట్లో పక్క గదిలో కూర్చుని లోగోలు గీస్తాడు. ముంబయికి పంపుతాడు, గువాహటికి పంపుతాడు. వాడికి ఈ బాధ లేదు. ఎందుకంటే సేవలు అందించేవాళ్లు రాష్ట్రం దాటి అమ్మినా 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2017 అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చారు. వాడి మీద అసూయ కాదు. వాడు గీసిన పువ్వు ఈమెయిల్‌లో వెళ్తే అడ్డు లేదు, అదే పువ్వు నేను మిషన్‌తో గౌను మీద కుట్టి పంపితే అడ్డు. ఈ తేడా ఎందుకో మా ఆడిటర్ గారు కూడా సెక్షన్ నంబరు చెప్పగలిగారు గానీ కారణం చెప్పలేకపోయారు.

'అయితే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చుగా, ఉచితమే కదా' అంటారు. ఒకసారి ప్రయత్నించాను. మాది అద్దె ఇల్లు. వ్యాపార స్థలం అని ఆ ఇంటి చిరునామా ఇవ్వాలి, దానికి కాగితాలు జతచేయాలి. మా ఇంటి ఓనర్ మంచివాడే, కానీ 'వ్యాపారం' అన్న మాట వినగానే ముఖం మారిపోయింది. కరెంటు మీటరు కమర్షియల్‌కు మారుస్తారని, ఇంటి పన్ను పెంచుతారని ఆయన భయం. ఎలాగో ఒప్పించి దరఖాస్తు పెడితే, ఓనర్ ఆధార్, పాన్ కూడా జతచేయమని ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. అలా అడగొద్దని పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న అధికారులకు స్పష్టంగా ఆదేశం ఇచ్చింది, అందుకు మీకు కృతజ్ఞతలు. నా దరఖాస్తు అంతకుముందుది. ఓనర్‌ను మళ్లీ అడగడానికి మొహం చెల్లక వదిలేశాను.

రిజిస్ట్రేషన్ వచ్చినా కథ అక్కడితో అయిపోదు. అప్పటి నుంచి కోదాడకు పంపినవాటి మీదే కాదు, ఇక్కడ మా వీధిలో అమ్మినవాటి మీదా పన్ను కట్టాలి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పథకం, రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకు వర్తించదు. అమ్మకం లేని నెలకూ రిటర్ను వేయాల్సిందే. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఉందిలెండి, కానీ వేయడం మాత్రం తప్పదు. ఖాళీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే 50. ఇవన్నీ సొంతంగా చేసుకోలేక ఆడిటర్ దగ్గరకు పోతాం.

ఇంతా చేసి ఖజానాకు వచ్చేదెంత? నేను కుట్టే గౌన్ల మీద 5 శాతం. మూడు లక్షల అమ్మకానికి ఏడాదికి 15 వేలు. బట్ట కొన్నప్పుడు ముందే కట్టిన పన్ను మినహాయించుకుంటే అదీ ఉండదు. నా విషయంలో ఆడిటర్‌కు ఇవ్వాల్సింది మీకు కట్టాల్సిన దానికంటే ఎక్కువ తేలింది.

మీరు ఇప్పటికే సగం దారి వచ్చారు. పెద్ద ఈ-కామర్స్ వేదికల్లో సరుకు అమ్మాలంటే ఒకప్పుడు టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2022 జూన్‌లో చండీగఢ్‌లో జరిగిన కౌన్సిల్ 47వ సమావేశం దీన్ని సడలించాలని నిర్ణయించింది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పరిమితి లోపు అమ్మేవాళ్లు పాన్, చిరునామా ఇచ్చి ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. వాళ్ల అమ్మకాల వివరాలు ఆ వేదికే జీఎస్టీఆర్-8 అనే తన రిటర్నులో మీకు చెబుతుంది. చక్కటి ఏర్పాటు. షరతు ఒక్కటే గొంతు పట్టుకుంది: రాష్ట్రం దాటి అమ్మకూడదు. ఆన్‌లైన్‌లో కొట్టు తెరిచేదే మన వీధి దాటి అమ్ముకోవడానికి కదమ్మా!

ఈ షరతు ఎందుకు పెట్టారో కొంతవరకు అర్థమవుతుంది. జీఎస్టీలో పన్ను సరుకు చేరిన రాష్ట్రానికి చెందాలి. నేను పన్ను లేకుండా కోదాడకు పంపితే తెలంగాణకు రావాల్సింది పోతుంది. నిజమే. కానీ మా తమ్ముడి విషయంలో ఆ నష్టాన్ని రాష్ట్రాలు 2017 నుంచి ఒప్పుకున్నాయి కదా. వాడిది కనీసం ఎక్కడా నమోదు కూడా కాదు. వేదికల్లో సరుకు అమ్మేవాళ్లదైతే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో వాటి లెక్కలో కనబడుతుంది. దొంగ బిల్లుల భయం అంటారా, కొన్నవాళ్లు తమ పన్నులోంచి మినహాయించుకునే (క్రెడిట్) బిల్లును రిజిస్ట్రేషన్ లేనివాళ్లు రాయనే లేరు.

అందుకే అడుగుతున్నాను. సేవలకు ఇచ్చిన ఆ 20 లక్షల పరిమితినే, రాష్ట్రం దాటి సరుకు అమ్మే చిన్నవాళ్లకూ ఇవ్వండి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు తప్పనిసరి చేయండి, అభ్యంతరం లేదు. నాలాగా సొంతంగా అమ్ముకునేవాళ్లు ఏడాదికోసారి ఏ రాష్ట్రానికి ఎంత పంపామో ఒక పేజీలో చెప్పమన్నా చెబుతాం. 20 లక్షలు ఎక్కువనుకుంటే పదితో మొదలుపెట్టండి.

2025 సెప్టెంబరు 3న కౌన్సిల్ 56వ సమావేశంలో, ఈ-కామర్స్ ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్మే చిన్నవాళ్లకు సులభ రిజిస్ట్రేషన్ విధానం తేవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. సంతోషం. కాకపోతే ఆ నిర్ణయం ప్రతి రాష్ట్రంలోనూ వ్యాపార స్థలం చూపించాల్సి రావడం అనే ఇబ్బంది గురించి. నా సరుకంతా ఒక్క బీరువాలో ఉంటుంది, ఒక్క ఊళ్లో ఉంటుంది. నాకు కావాల్సింది ఇంకో రాష్ట్రంలో సులభంగా రిజిస్టర్ కావడం కాదు, ఈ స్థాయిలో అసలు రిజిస్ట్రేషన్ అవసరం లేకపోవడం. విధివిధానాలు రాసేవాళ్లు ఈ రెండో రకం మనుషుల్ని కూడా గుర్తుపెట్టుకునేలా చూడండి.

కోదాడ ఆవిడ సంగతి చెప్పడం మరిచాను. కొరియర్‌లో పంపలేనంటే ఆవిడ నవ్వి, తనే ఆదివారం బస్సెక్కి వస్తానన్నారు. మా ఇంటికొచ్చి, డబ్బిచ్చి, గౌన్లు చేత్తో పట్టుకెళ్తే అది రాష్ట్రం లోపలి అమ్మకమేనట. ఆడిటర్ గారిని అడిగి మరీ రమ్మన్నాను.

ఇట్లు,
జగ్గయ్యపేట నుంచి ఒక చిన్న వ్యాపారి