న్యూషాటెల్ జమాక్స్‌ను కూల్చింది ఒక్క యజమానేనా?

సంపాదకులకు నమస్కారం.

యూరప్‌లో ఏదైనా ఫుట్‌బాల్ క్లబ్బు చేతులు మారిందన్న వార్త క్రీడా పుటల్లో వచ్చినప్పుడల్లా స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ జమాక్స్ పేరు ఒక హెచ్చరికగా ప్రస్తావనకు రావడం పరిపాటి అయింది. రష్యాలోని చెచెన్యా మూలాలున్న వ్యాపారి బులాత్ చగాయెవ్ 2011 మే నెలలో ఆ క్లబ్బును కొన్నాడని, తొమ్మిది నెలలు తిరక్కుండానే అది దివాలా తీసిందని రెండు వాక్యాల్లో కథ ముగిస్తారు. ఆ రెండు వాక్యాలలో తప్పు లేదు. అయితే అంతకు ముందు మూడు దశాబ్దాల పాటు ఆ క్లబ్బు ఎలా నడిచిందో చెప్పకుండా ఈ ముగింపును మాత్రమే చెబితే, ఎక్కడి నుంచో ఊడిపడిన ఒక మనిషి చక్కగా సాగుతున్న సంస్థను పాడుచేశాడన్న అభిప్రాయం పాఠకులకు కలుగుతుంది. ఎవరో ఒక సంపన్నుడి జేబు మీద ఆధారపడి బతకడం జమాక్స్‌కు చగాయెవ్ రాకకు చాలాకాలం ముందే అలవాటైందని, ఆ అలవాటే దాన్ని అతని చేతుల్లో పెట్టిందని నా అభిప్రాయం. క్లబ్బు చరిత్ర చూస్తే ఈ సంగతి బోధపడుతుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

న్యూషాటెల్ ఫ్రెంచి మాట్లాడే పట్టణం. జురా కొండల పాదాల దగ్గర, అదే పేరున్న సరస్సు ఒడ్డున ఉంది. క్లబ్బు మంచి రోజుల్లో అక్కడి జనాభా 30 వేల పైచిలుకు మాత్రమే. జ్యూరిక్, బాజెల్, జెనీవా వంటి నగరాల పక్కన పెడితే ఎంత చిన్న ఊరో తెలుస్తుంది. అంత చిన్న ఊళ్లో రెండు పేరున్న క్లబ్బులు ఉండేవి. ఒకటి కాంటోనల్. అది 1916లోనే జాతీయ చాంపియన్ అయింది. రెండోది జమాక్స్. దీని పేరు ఈ ఊరిలోనే పుట్టిన ఆటగాడు మాక్స్ అబెగ్లెన్‌ది. ఆయన పేరులోని అక్షరాలను తిరగేసి మిత్రులు పెట్టుకున్న ముద్దుపేరే క్లబ్బు పేరుకు మూలం. అబెగ్లెన్ సామాన్యుడు కాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన స్విస్ జట్టులో సభ్యుడు, జాతీయ జట్టుకు 34 గోల్స్ చేసిన ఘనుడు, ఆ రికార్డును దాటడానికి అలెగ్జాండర్ ఫ్రై దాకా ఆగాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆయన ఆటలో ఎక్కువ కాలం గడిచింది జ్యూరిక్‌లోని గ్రాస్‌హాపర్స్‌లో.

1970లో ఈ రెండు క్లబ్బులూ విలీనమై న్యూషాటెల్ జమాక్స్ ఏర్పడింది. 1973లో పై శ్రేణికి చేరింది, 1974లో స్విస్ కప్ ఫైనల్ ఆడింది. అయినా జమాక్స్‌ను యూరప్‌కు పరిచయం చేసిన ఘనత 1979లో అధ్యక్షుడైన గిల్బర్ట్ ఫాకినెట్టిదే. నిర్మాణ రంగంలో ఉన్న ఆయన 2003 దాకా, అంటే 24 ఏళ్ల పాటు, ఆ కుర్చీలో ఉన్నారు. 1981లో కోచ్‌గా గిల్బర్ట్ గ్రెస్‌ను తెచ్చారు. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌ను 1979లో లీగ్ విజేతగా నిలిపిన గ్రెస్‌కు అప్పటికే గట్టి పేరుంది. ఇద్దరు గిల్బర్ట్‌ల జోడీ అలా కుదిరింది. ఆ ఏడాదే జమాక్స్ యూరప్ దేశాల క్లబ్బులు తలపడే యూఈఎఫ్ఏ కప్‌లో స్పార్టా ప్రాగ్, మాల్మో, స్పోర్టింగ్ లిస్బన్ జట్లను దాటుకుని క్వార్టర్ ఫైనల్ చేరింది. హాంబర్గ్ చేతిలో రెండు అంచెల్లో (సొంత ఊళ్లో ఒకటి, ప్రత్యర్థి ఊళ్లో ఒకటి) కలిపి ఒక్క గోల్ తేడాతో ఓడింది.

అసలు వైభవం 1985 తర్వాత మొదలైంది. రియల్ మాడ్రిడ్‌లో ఎనిమిదేళ్లు ఆడిన జర్మన్ మిడ్‌ఫీల్డర్ ఉలి స్టీలికె ఆ ఏడాది జమాక్స్‌కు వచ్చాడు. స్విట్జర్లాండ్ తరఫున వందకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన హైంజ్ హెర్మన్ కూడా అప్పుడే చేరాడు. ఐర్లాండ్ ఫార్వర్డ్ డాన్ గివెన్స్ అంతకు ముందే ఉన్నాడు. 1986 వసంతంలో యూఈఎఫ్ఏ కప్ క్వార్టర్స్‌లో స్టీలికె తన పాత క్లబ్బునే ఎదుర్కోవలసి వచ్చింది. మాడ్రిడ్‌లో 3-0తో ఓడిన జమాక్స్ సొంతగడ్డ మలాడియేర్‌లో 2-0తో గెలిచింది. మరొక్క గోల్ వచ్చి ఉంటే లెక్క సమమయ్యేది. ఆ ఏడాది కప్పు గెలిచింది ఆ రియల్ మాడ్రిడ్డే అన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ రాత్రి విలువ అర్థమవుతుంది. 1987లో, మళ్లీ 1988లో జమాక్స్ స్విస్ చాంపియన్ అయింది. 1987లో యూరోపియన్ కప్ పోటీలో బయర్న్ మ్యూనిక్‌ను మలాడియేర్‌లో 2-1తో ఓడించి, మ్యూనిక్‌లో ఆట ముగియబోతుందనగా రెండు గోల్స్ ఇచ్చుకుని వెనుదిరిగింది. మరుసటి ఏడాది గలతసరాయ్‌ను సొంతగడ్డపై 3-0తో ఓడించి ఇస్తాంబుల్‌లో 5-0తో చతికిలపడింది. గెలుపు అంచుదాకా వెళ్లి జారిపోవడం ఈ క్లబ్బుకు నుదుట రాసిపెట్టి ఉందనిపిస్తుంది. స్విస్ కప్ సంగతే చూడండి. 1974, 1985, 1990, 2003, 2011 సంవత్సరాల్లో ఐదుసార్లు ఫైనల్ చేరి ఐదుసార్లూ ఓడింది.

1990లో గ్రెస్ స్థానంలో ఇంగ్లండ్‌కు చెందిన రాయ్ హాడ్జ్‌సన్ వచ్చాడు. ఆయన హయాంలో ఈజిప్టు ఆటగాళ్లు హొసామ్ హసన్, అతని కవల సోదరుడు ఇబ్రహీం, హానీ రమ్జీ న్యూషాటెల్‌లో ఆడారు. 1991 అక్టోబర్‌లో యూఈఎఫ్ఏ కప్‌లో స్కాట్లండ్ దిగ్గజం సెల్టిక్‌ను జమాక్స్ 5-1తో చిత్తుచేసినప్పుడు అందులో నాలుగు గోల్స్ హొసామ్ హసన్‌వే. తర్వాతి రౌండ్‌లో రియల్ మాడ్రిడ్‌నూ సొంతగడ్డపై 1-0తో ఓడించింది, మాడ్రిడ్‌లో మాత్రం 4-0తో ఓడి నిష్క్రమించింది. ఇక్కడి పనితీరు చూసే స్విస్ సమాఖ్య హాడ్జ్‌సన్‌కు జాతీయ జట్టును అప్పగించిందని, ఆ జట్టు 1994 ప్రపంచ కప్‌కు వెళ్లిందని ఈ సందర్భంలో చెప్పుకోవాలి.

ఈ వైభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే 30 వేల జనాభా ఉన్న ఊరికి మాడ్రిడ్ నుంచి స్టీలికె, ఈజిప్టు ఆటగాడు హొసామ్ హసన్ ఎలా వచ్చారన్న ప్రశ్న వేసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో టెలివిజన్ హక్కుల సొమ్ము స్వల్పం. ఉన్న కొద్దిపాటి ప్రేక్షకులు కూడా జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మధ్య చీలిపోయారు, పైగా సరిహద్దు అవతల జర్మన్ లీగ్ బుందెస్‌లీగా, ఫ్రెంచి లీగ్, ఇటలీ లీగ్ వాళ్ల భాషలోనే కనిపిస్తూ ఉంటాయి. కొన్ని వేల మంది కొనే టికెట్లతో, స్థానిక ప్రాయోజకుల సాయంతో యూరప్ స్థాయి జట్టు నిలబడదు. తక్కువ పడిన దాన్ని పూడ్చే చేయి ఒకటి ఉండాలి. న్యూషాటెల్‌లో ఆ చేయి ఫాకినెట్టిది. ఆయన ఆ ఊరివాడు, క్లబ్బును ప్రాణంగా చూసుకున్నవాడు. అందుకే ఈ ఏర్పాటులో ప్రమాదం ఉందని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. ఇచ్చేవాడు మంచివాడైనప్పుడు లెక్కలు అడగడం మర్యాద కాదనుకునే స్వభావం అన్ని దేశాల్లోనూ ఉంటుంది కాబోలు.

ఇది జమాక్స్ ఒక్కదాని జబ్బు కూడా కాదు. ఇలా యజమాని జేబును నమ్ముకుని నడిచిన స్విస్ క్లబ్బుల్లో పెద్ద పేర్లకూ కష్టాలు తప్పలేదు. 17 సార్లు చాంపియన్ అయిన జెనీవా క్లబ్బు సెర్వెట్ 2005లో దివాలా తీసి కింది శ్రేణులకు పడిపోయింది. కళ్లెదుట ఇంత జరిగినా న్యూషాటెల్ పాఠం నేర్చుకోలేదు.

ఫాకినెట్టి తర్వాత 2005లో మరో నిర్మాణ వ్యాపారి సిల్వియో బెర్నాస్కోని పగ్గాలు చేపట్టాడు. పాత మలాడియేర్ స్టేడియాన్ని అప్పటికే పడగొట్టడంతో జట్టు కొండపై ఉన్న లా షో-ద-ఫాన్ పట్టణానికి వెళ్లి సొంత మ్యాచ్‌లు ఆడుకుంది. 2006లో మరో స్విస్ క్లబ్బు సియోన్ చేతిలో, పై శ్రేణిలో ఎవరుండాలో తేల్చే ప్లేఆఫ్ ఓడి, 33 ఏళ్ల తర్వాత రెండో శ్రేణికి దిగింది. 2007 ఫిబ్రవరిలో కొత్త మలాడియేర్ తెరుచుకుంది. సుమారు 12 వేల మంది పట్టే ఈ కట్టడంలో కింద దుకాణాల సముదాయం, దాని నెత్తిన కృత్రిమ గడ్డి పరిచిన మైదానం ఉంటాయి. కింద జనం సరుకుల బండ్లు తోసుకుంటూ తిరుగుతుంటే పైన ఎరుపు నలుపు చొక్కాలు గోల్ కోసం పరుగులు తీస్తుంటాయి. ఆ ఏడాదే జట్టు పై శ్రేణికి తిరిగి వచ్చింది. స్టేడియం కొత్తది, లెక్కల పద్ధతి మాత్రం పాతది. 2011లో బెర్నాస్కోని తప్పుకోదలచినప్పుడు ఆయన స్థానంలో నిలబడగల సంస్థ గాని, సభ్యుల సంఘం గాని లేదు. మరో జేబును వెతుక్కోవడం తప్ప క్లబ్బుకు దారి లేకపోయింది.

ఆ దారిలో ఎదురుపడినవాడు చగాయెవ్. అతను స్విట్జర్లాండ్‌లోనే ఏళ్లుగా నివసిస్తున్నవాడన్న సంగతి చాలా కథనాల్లో కనిపించదు. క్లబ్బు అతని చేతికి వచ్చిన నెలలోనే సియోన్ చేతిలో కప్ ఫైనల్ ఓడింది. తర్వాతి నెలల్లో కోచ్‌లు ఒకరి వెంట ఒకరు మారారు. స్పెయిన్‌కు చెందిన హోకిన్ కపరోస్ వచ్చి, కొన్ని వారాలకే వెళ్లిపోయి, ఆ స్థానంలో విక్టర్ మున్యోస్ కూర్చోవడం అందులో ఒక అంకం. జీతాలు, బకాయిలు నిలిచిపోయాయి. లీగ్ పాయింట్లలో కోత పెట్టింది. చగాయెవ్ తన దగ్గర సొమ్ము ఉందని చూపడానికి సమర్పించిన ఒక అమెరికా బ్యాంకు పత్రం నకిలీదని తేలింది. చివరికి 2012 జనవరి 18న స్విస్ ఫుట్‌బాల్ లీగ్ జమాక్స్ లైసెన్సును, అంటే లీగ్‌లో ఆడే అనుమతిని, రద్దు చేసింది, అదే నెల 26న క్లబ్బు కంపెనీ దివాలా తీసినట్లు ప్రకటన వెలువడింది. 18 మ్యాచ్‌లు ఆడిన జట్టు సీజన్ మధ్యలో మాయమైపోగా, పై శ్రేణి అయిన పది జట్ల సూపర్ లీగ్ తొమ్మిదింటితో ముగిసింది. అదే సీజన్‌లో అర్హత లేని ఆటగాళ్లను దింపిన కారణంగా సియోన్‌కు 36 పాయింట్లు కోసేశారంటే ఆ ఏడాది స్విస్ లీగ్ ఎంత గందరగోళంలో గడిచిందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ లీగ్‌ను మెచ్చుకునేవారు ఉన్నారు. లైసెన్సు రద్దు చేయడానికి ధైర్యం కావాలన్న మాట నిజమే. కాని లైసెన్సు పరిశీలన రాబోయే సీజన్ కోసం వసంతంలో జరుగుతుంది. ఆ వసంతంలోనే యజమాని మారిపోతే, పాత యజమాని పరపతి మీద వచ్చిన అనుమతితో కొత్త యజమాని సీజన్ మొదలుపెట్టగలిగాడు. ఆర్థిక స్తోమతను కొనుగోలుకు ముందే నిగ్గుతేల్చి ఉంటే ఆటగాళ్లు, సిబ్బంది, సీజన్ టికెట్లు కొన్న అభిమానులు మంచు కాలం నడిమధ్యలో రోడ్డున పడేవారు కారు. ఈ విషయంలో నేను లీగ్‌కు సగం మార్కులే వేస్తాను.

తర్వాతి కథ గురించి రాసేవారు తక్కువ. 2012లో జమాక్స్ ఐదో శ్రేణిలో, గ్రామాల జట్ల మధ్య, మళ్లీ మొదలుపెట్టింది. 2013లో సుశార్ చాక్లెట్ ఫ్యాక్టరీకి పేరుపొందిన సెర్రియేర్ పేటలోని క్లబ్బుతో కలిసింది. పేరు చివర చేరిన ఎఫ్‌సీఎస్ అన్న మూడు అక్షరాలు దాని గుర్తే. వరుసగా మూడు సీజన్లలో మూడు మెట్లు ఎక్కి 2015లో రెండో శ్రేణికి, 2018లో సూపర్ లీగ్‌కు చేరింది. 2019లో తొమ్మిదో స్థానంలో నిలిచి, రెండో శ్రేణి జట్టు ఆరావుతో ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. తొలి అంచెలో సొంత మైదానంలోనే 4-0తో ఓడింది. కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. జూన్ 2న ఆరావులోని చిన్న మైదానం బ్రుగ్లిఫెల్డ్‌లో జమాక్స్ అదే 4-0తో గెలిచి, పెనాల్టీ షూటౌట్‌లో 5-4తో పై శ్రేణిని నిలబెట్టుకుంది. అప్పటి కోచ్ స్టెఫాన్ ఆన్‌షో లివర్‌పూల్‌కు ఆడిన డిఫెండర్, కుర్రాడిగా ఇదే క్లబ్బులో ఎదిగినవాడు. ఆ విజయం ఒక్క ఏడాదే నిలిచింది. 2020లో జట్టు మళ్లీ కిందికి దిగింది.

అందుచేత నా విన్నపం ఇది. క్లబ్బుల అమ్మకాల వార్తల్లో జమాక్స్‌ను ఉదాహరణగా తీసుకున్నప్పుడు కొనేవాడి పుట్టుపూర్వోత్తరాలతో ఆగిపోకుండా, అమ్మేవాడు ఇన్నేళ్లు ఏటా ఎంత లోటు పూడ్చాడు, ఆ లోటు ఎందుకు వచ్చింది, స్టేడియం ఎవరి ఆస్తి, సభ్యులకు ఓటు హక్కు ఉందా అన్న నాలుగు వివరాలను కూడా మీ క్రీడా విలేకరులు పాఠకులకు అందించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు