ఆకాశదీపానికి నూనె, జ్వాలాతోరణానికి గడ్డి: కార్తీకమాస విరాళాల విజ్ఞప్తి

కర్నూలు పాతబస్తీలో తుంగభద్ర ఒడ్డు శివాలయానికి వచ్చే భక్తులందరికీ ఆలయ కమిటీ నమస్కారాలు.

దీపావళి అమావాస్యతో దీపాలు అయిపోవు. సత్యభామ చేతిలో నరకుడు కూలిన సంబరం ఆ రెండు రోజులది. మర్నాడు పాడ్యమి నుంచి కార్తీకం. ఆ నెలంతా మన ధ్వజస్తంభం మీద ఆకాశదీపం వెలగాలి. చిల్లుల ఇత్తడి పాత్రలో నువ్వుల నూనె పోసి, వత్తి ముట్టించి, తాడుతో పైకి లాగుతాం. పితృదేవతలకు అది దారి చూపుతుందని పెద్దల మాట.

నిరుడు ఆ పాత్ర అడుగున కారడం మొదలైంది. మాటు వేయించినా నిలవలేదు. పూజారిగారు రాత్రిపూట రెండేసి సార్లు దించి నూనె పోశారు. తాడు కూడా పీచు లేచింది. ఈసారి కొత్త పాత్ర, గిలక, తాడు కొనక తప్పదు.

2009 అక్టోబర్ 2 వరద మనలో ఎవరు మరిచిపోతారు? ఆ నెల 17నే దీపావళి. ఇళ్ళలో బురద ఎత్తడం ఇంకా కాలేదు. అయినా ఎవరో సీసాడు నూనె తెచ్చిస్తే ఆకాశదీపం ఎత్తాం. అలాంటి దీపాన్ని డబ్బు లేదని ఆపడం మాకు ఇష్టం లేదు.

త్రిపురాసుర సంహారం జరిగిన పౌర్ణమి నాడు జ్వాలాతోరణం. రెండు నిలువు కర్రలు, పైన అడ్డకర్ర, దానికి చుట్టిన వరిగడ్డి. అది మండుతుండగా స్వామి అమ్మవార్ల పల్లకి కిందుగా మూడుసార్లు వెళ్తుంది. శివుడు హాలాహలం మింగిన వేళ పార్వతమ్మ మొక్కుకున్న మొక్కు ఇదని చెబుతారు. మిగిలిన గడ్డిపోచలను రైతులు గాదెల్లో, పశువుల కొట్టాల్లో పెట్టుకుంటారు. గడ్డి మోపులు ఇవ్వగల రైతన్నలు ముందే చెబితే బండి పంపుతాం.

365 వత్తుల కట్టలకు ఆదోని పత్తి తెప్పిస్తున్నాం. మధ్యాహ్నాలు గుడి అరుగు మీద వత్తులు చేయడానికి అక్కచెల్లెళ్ళు రావాలి. నదిలో వదిలే దీపాలకు అరటి దొప్పలే వాడండి, థర్మాకోల్ వద్దు.

ఒకరోజు ఆకాశదీపం నూనెకు 516 రూపాయలు, జ్వాలాతోరణానికి 1,116. అంత వీలుకాని వారు పావుకిలో నూనె తెచ్చినా అది స్వామికే చేరుతుంది. ఇచ్చినవారి గోత్రనామాలతో ఆ రోజు సంకల్పం చెప్పిస్తాం. రసీదు తప్పక అడిగి తీసుకోండి. జమాఖర్చులు నెల చివర గుడి బోర్డు మీద రాస్తాం.

పాడ్యమి సాయంత్రం ఆరుకు దీపం ఎత్తుతాం. పిల్లలను వెంట తీసుకురండి, తాడు మొదట వాళ్ళ చేతికే ఇస్తాం.