ఆ జెల్‌లో ఏ మందుందో బిల్లులో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఏడాది తిరుపతిలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో కింది దవడకు ఇంప్లాంట్ (ఊడిన పన్ను స్థానంలో కట్టుడు పన్ను నిలపడానికి ఎముకలో బిగించే స్క్రూ) పెట్టించుకున్నాను. స్క్రూ బిగించే ముందు డాక్టరు ఆ రంధ్రంలో ఏదో జెల్ పెట్టారు. ఏం మందని అడిగితే "ఎముక తొందరగా పట్టుకుంటుంది, టెన్షన్ పడకండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే బిల్లులో 'బోన్ జెల్' అని ఒక లైను, దాని పక్కన డబ్బులు. మందు పేరు లేదు, కంపెనీ పేరు లేదు. ముందుగా నా సంతకం తీసుకున్నదీ లేదు.

బీడీఎస్ చదువుతున్న మా మేనకోడల్ని కూర్చోబెట్టి అన్నీ అడిగి తెలుసుకున్నాను. టైటానియం స్క్రూను ఎముక గట్టిగా పట్టుకుంటేనే పన్ను నిలుస్తుంది. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ 1965లో తొలిసారి మనిషి దవడలో ఇవి పెట్టినప్పటి నుంచి చాలాకాలం కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలల దాకా స్క్రూ మీద పన్ను బిగించకుండా ఆగేవారట. ఆ గడువు తగ్గించాలనీ, ఎముక పలచబడిన వాళ్లకూ స్క్రూ నిలవాలనీ దాని చుట్టూ మందు పెట్టి చూస్తున్నారు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్ అందులో ఒకటి. ఈ రకం మందులు ఎలుకల్లో ఎముకను పెంచాయని 1999లోనే తేలింది. మాత్రగా మింగితే చాలావరకు కాలేయమే లాగేసుకుంటుంది కాబట్టి జెల్‌గా నేరుగా పెడుతున్నారు. ఎముక అరుగుదలను ఆపే అలెండ్రోనేట్‌నూ ఇలాగే పరీక్షించారు. ఫలితాలు ఆశ పుట్టించేలా ఉన్నా, ఎక్కువ భాగం జంతువుల మీద, కొద్దిమంది రోగుల మీద చేసినవే.

ఇలాంటి మందు వద్దని నేననను. చెనిక్కాయలు నమల్లేక రెండేళ్లు ఇబ్బంది పడినదాన్ని, మేలు చేసేదైతే సంతోషంగా ఒప్పుకునేదాన్ని. నాకు చెప్పకుండా పెట్టడమే బాధ. ఇంకో సంగతి తలుచుకుంటే భయమేస్తుంది. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ వేయించుకునే ఆడవాళ్లు మా కొర్లగుంటలోనే ఉన్నారు. అలెండ్రోనేట్ కుటుంబానికే చెందిన ఈ మందు వాడే కొందరిలో పన్ను పీకాక దవడ ఎముక మానక కుళ్లిపోతుందని 2003 నుంచి డాక్టర్లకు తెలుసు. నన్ను మాత్రం షుగర్ ఉందా అని తప్ప ఇంకేమీ అడగలేదు.

రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు నా విన్నపం. ఇంప్లాంట్ చుట్టూ ఏ మందు పెట్టినా దాని అసలు పేరు, మోతాదు బిల్లులో రాయాలి. అది ఇంకా పరిశోధనలో ఉన్నదైతే ఆ మాట తెలుగులో రాసి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఎముకల ఇంజెక్షన్ గురించి ప్రతి రోగినీ అడగాలి. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ, బ్యాచ్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. రేపు స్క్రూ వదులైతే వేరే ఊళ్లో డాక్టరుకు చూపించాల్సింది అదే కాబట్టి దాన్ని రోగి చేతికివ్వాలి. నా స్టిక్కర్ కోసం ఇప్పటికి రెండుసార్లు ఆ క్లినిక్‌కు వెళ్లొచ్చాను, ఇంకా ఇవ్వలేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కొర్లగుంట, తిరుపతి