2025–26 వార్షిక నివేదిక: భోజనాలు, బ్రిడ్జి, నాటకం

రాజమహేంద్రవరం సీనియర్ సిటిజన్ల సంఘం గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా చదువుతారు. కార్తీక వనభోజనాలు, షుగరు, బీపీ పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఏప్రిల్ 10 నుంచి 16 వరకు పుట్టినరోజు భోజనం, బ్రిడ్జి పేకాట, నాటకాలతో జరుపుకున్న వారం. అంతకుముందు సాయంత్రం ఆరు దాటితే మన హాలుకి తాళమే. ఇప్పుడు ఎనిమిదైనా వాచ్‌మన్ వచ్చి గుర్తుచేస్తే తప్ప ఎవరూ లేవడం లేదు.

మన సభ్యుల్లో చందా సకాలంలో కట్టి, సర్వసభ్య సమావేశానికి తప్ప మరెప్పుడూ కనిపించనివారు చాలామంది ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పొద్దున పేపరు, సాయంత్రం సీరియలు, అంతే. ఊరికే రండి అంటే మొహమాటపడతారు. "మీ పుట్టినరోజు, భోజనానికి రండి" అంటే ఎలా కాదంటారు? ఆ ఆలోచన మహిళా విభాగానిది.

తీరా జాబితా రాద్దామని సభ్యత్వ దరఖాస్తులు తీస్తే ఎవరిది చూసినా జూలై 1. మన తరంలో అది అమ్మ కన్న తేదీ కాదు, బళ్లో చేర్చిన రోజున హెడ్మాస్టారు వేసిన తేదీ. పెన్షన్‌కీ ఆధార్‌కీ అదే స్థిరపడిపోయింది. సరే అని దరఖాస్తులు పక్కన పెట్టి ఒక్కొక్కరినీ ఫోనులో అడిగాం. కొందరు తిథి చెప్పారు, కొందరు నక్షత్రం చెప్పారు. ఒక పిన్నిగారు "యాభై మూడు వరదల్లో పుట్టానని మా అమ్మ అనేది నాయనా, అంతకంటే నాకు తెలీదు" అన్నారు. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరద అది. ఆవిడ పేరు ఆగస్టులో రాసుకున్నాం. చైత్రమాసం వాళ్లందరినీ కలిపి 13వ తేదీ ఆదివారం మొదటి భోజనం పెట్టాం. ఆ తర్వాత నెలనెలా సాగుతోంది.

అరిటాకులో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పులిహోర, ముక్కల పులుసు, ఆవడ, పరమాన్నం. షుగరు ఉన్నవాళ్లకు పరమాన్నం చెంచాడే వెయ్యమని వడ్డించేవాళ్లకు గట్టిగా చెప్పాం. వాళ్లు వినే ఉంటారు, తినేవాళ్లు వినలేదు. కేకు కోయాలా వద్దా అని కార్యవర్గంలో చిన్న యుద్ధమే నడిచింది. దీపం వెలిగించాలి గానీ ఆర్పడమేమిటని ఒక పక్షం, మనవలు వస్తారు, వాళ్ల ముచ్చట కాదనకూడదని ఇంకో పక్షం. గుడ్డు లేని కేకు ఒకటి తెప్పించి, కొవ్వొత్తులు మానేసి, ఇద్దరినీ సగం సగం నొప్పించాం. బహుమతులు, కవర్లు వద్దన్న నియమాన్ని మాత్రం అందరూ పాటించారు. దాన్ని ఇకముందూ సడలించకూడదని నా అభిప్రాయం. ఒకరు ఇస్తే రెండోవారికి అప్పు మొదలవుతుంది.

ఆ రోజే మనలో పెద్దవారికి శాలువా కప్పాం. ఆయన సహస్ర చంద్ర దర్శనం ఎప్పుడయింది అన్న ప్రశ్న వస్తే రిటైర్డ్ లెక్కల మాస్టారు అక్కడికక్కడే లెక్క కట్టారు. అధికమాసాల పున్నములు కూడా కలుపుకుంటే దాదాపు ఎనభై ఏళ్ల పది నెలలకు వెయ్యి పూర్తవుతాయట. ముందురోజే చైత్ర పౌర్ణమి కావడంతో పెద్దాయన "నిన్నటిది కూడా ఖాతాలో వేసుకో" అన్నారు.

బ్రిడ్జి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. హాల్లో పేక అనగానే ముగ్గురు నలుగురు పెద్దలు అభ్యంతరం తెలిపారు. సంఘానికి పేకాట క్లబ్బు అన్న పేరు వస్తుందని వారి భయం. అది కొట్టిపారేసే భయం కాదు. 1967లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేననీ, అందులో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదేననీ చెప్పింది. అయినా మన నియమం కోర్టుల మీద ఆధారపడలేదు. ఒక్క రూపాయి పందెం కూడా ఉండదు. ఓడినవాళ్లు టీలు ఇప్పించాలన్న సూచననూ ఒప్పుకోలేదు. టీ సంఘం ఖర్చే.

ఆట తెలిసినవాళ్లు రైల్వేలోనూ బ్యాంకుల్లోనూ పనిచేసి వచ్చిన కొద్దిమందే. మిగతావాళ్లకు వాళ్లే నేర్పారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు, చేతికి పదమూడు ముక్కలు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కేసుకోవాలి. పన్నెండు, పదమూడు వస్తే పాట, అంటే ఎన్ని పట్లు గెలుస్తామో ముందే చెప్పడం, మొదలుపెట్టవచ్చు. తురుపు కళావరా, డైమనా, ఆఠీనా, ఇస్పేటా, లేక తురుపే వద్దా అన్నది పాటలోనే తేలుతుంది. తర్వాత ఒకరి ముక్కలు బల్ల మీద పరిచేస్తారు, జతగాడే రెండు చేతులూ ఆడాలి. రమ్మీ అలవాటైనవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. రమ్మీలో ఎవరి చెయ్యి వారిది. ఇక్కడ ఎదుటివాడి మనసులో ఏముందో అతని పాటను బట్టి పట్టుకోవాలి. మాట్లాడకూడదు, మొహం పెట్టకూడదు. నలభై ఏళ్లు కాపురం చేసిన దంపతులు మొదటి రోజే "అప్పుడు ఇస్పేటు ఎందుకు వేశారు" దగ్గర మొదలై పాత సంగతులన్నీ తోడుకున్నారు. అందుకే రెండో రోజు నుంచి భార్యాభర్తలు ఒకే జట్టులో కూర్చోరాదని నోటీసు పెట్టాం. ఇది సంఘంలో అతి తక్కువ వ్యతిరేకత ఎదురైన నోటీసు.

బ్రిడ్జి మొదటిసారి ఏషియన్ గేమ్స్‌లోకి వచ్చినప్పుడు, 2018లో జకార్తాలో, పురుషుల జంటల స్వర్ణం మనవాళ్లకే వచ్చింది. ఆ జంటలో ఒకరైన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి అరవై ఏళ్లు. ఈ సంగతి చెప్పాక అభ్యంతరం చెప్పిన పెద్దల్లో ఇద్దరు ఆటలో చేరారు. ఒకాయన ఇప్పుడు రోజూ అందరికంటే ముందు వచ్చి బల్ల తుడుస్తున్నారు. మహిళలకు విడిగా బల్ల వెయ్యాలన్న ప్రతిపాదనను మహిళలే తిరస్కరించారు. ప్రస్తుతం అందరికంటే చల్లగా ఆడేది ఒక రిటైర్డ్ టీచరమ్మగారు.

ఇక నాటకం. 16వ తేదీ కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి. ఆయన 1848లో మన ఊళ్లోనే పుట్టారు. తెలుగు నాటకరంగ దినోత్సవమూ అదే. 1880లో ఆయన రాసి ఇక్కడే ఆడించిన వ్యవహార ధర్మబోధినిని తెలుగులో తొలి ప్రదర్శనగా చెప్తారు. అది ప్లీడర్ల మాయల మీద రాసింది. ఉదయం విగ్రహానికి దండ వేసినప్పుడు మనలోని రిటైర్డ్ లాయరుగారు "మా మీద మొదలుపెట్టి భాషకు మేలు చేశారు" అన్నారు.

సాయంత్రం ఆటోలు మాట్లాడుకుని నాటకానికి వెళ్లాం. ఆరింటికన్నది ఏడున్నరకు మొదలైంది. మైకుల తంటా ఒకటి, అతిథుల ఉపన్యాసాలు ఒకటి. మెట్లు ఎక్కలేనివారికి పక్కదారి ఉందని లోపలికి వెళ్లాకే తెలిసింది. ఇంత చెప్పి, రాయబారం పడక సీను మొదలయ్యాక ఎవరికీ ఇవేవీ గుర్తులేవని కూడా రాయాలి. హార్మోనియం శ్రుతి అందుకోగానే వెనక వరుసలో మనవాళ్లే పద్యం అందుకున్నారు. కృష్ణ పాత్రధారి రాగం తీస్తుంటే వన్స్‌మోర్ అన్న మొదటి గొంతు మన సంఘానిదే. మర్నాడు మందులు వేసుకోవడం మర్చిపోయామని ఇద్దరు ఒప్పుకున్నారు.

నాటకాలకు సామూహికంగా వెళ్లడం కొనసాగించాలని, ముందుగా హాలువారితో మాట్లాడి ముందు వరుసలు, పక్కదారి ఖాయం చేసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. ఇంకో రెండు బ్రిడ్జి బల్లలు, మంచి లైట్లు కావాలి. చందా పెంచకుండా విరాళాలతోనే కొనాలని ప్రతిపాదిస్తున్నాం.

2027 గోదావరి పుష్కరాలు జూన్ 26న మొదలవుతాయి. ఆ పన్నెండు రోజుల్లోనే జూలై 1 కూడా వస్తుంది. బంధువులంతా ఇళ్లలో ఉంటారు కాబట్టి హెడ్మాస్టారు వేసిన పుట్టినరోజుల వాళ్లందరికీ ఆ ఏడాది ఒకే పంక్తిలో భోజనం పెట్టాలని మహిళా విభాగం కోరింది. వంటవారిని ఇప్పుడే మాట్లాడుకోకపోతే దొరకరు. పేర్లు ఇవ్వదలచినవారు ఈ సమావేశం ముగిశాక టీ బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో రాయగలరు. తిథి తెలిస్తే తిథి కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి