లుకేమియా వార్తల్లో మూలుగ మాట కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

రక్తపరీక్షల ల్యాబులో 31 ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఈ మధ్యే రిటైరయ్యాను. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ గురించి పత్రికల్లో ఏదైనా వచ్చినప్పుడల్లా ‘రక్తం పాడైపోయే జబ్బు’ అన్న మాట కనబడుతుంది. ఆ మాట చదివి జనం ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. రిపోర్టు కోసం కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, ఒంట్లో రక్తమంతా తీసేసి కొత్త రక్తం ఎక్కిస్తే పోదా?" అని అడిగినవాళ్లు ఎందరో. బావిలో నీళ్లన్నీ తోడిపోసినా ఊట అదే కదా. ఈ జబ్బు పుట్టేది రక్తనాళాల్లో కాదు, ఎముకల లోపలి మూలుగలో.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి మూలుగ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర కణాలను తయారుచేస్తుంది. అవి దాదాపు 120 రోజులు బతుకుతాయి. రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్ల ఆయుష్షు వారం, పది రోజులే. క్రిములతో ముందుగా కలబడే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలైతే కొద్ది గంటలో, మహా అయితే కొద్ది రోజులో ఉంటాయి. అందుకని మూలుగ ఒక్క పూట కూడా పని ఆపడానికి లేదు. లుకేమియాలో జరిగేది ఆ పని ఆగిపోవడమే. ఒక మాతృకణంలో జన్యువులు దెబ్బతిని, అది ఎదగడం మానేసి తనలాంటివాటినే పుట్టిస్తూ పోతుంది. ఆ ఎదగని కణాలను మేము బ్లాస్టులంటాం. మామూలు మూలుగలో అవి 5 శాతం లోపే. 20 శాతం దాటాయంటే సాధారణంగా అక్యూట్ (వేగంగా ముదిరే) లుకేమియా అని నిర్ధారిస్తారు. అప్పటికి మంచి కణాలు పుట్టడానికి లోపల చోటే మిగలదు.

శరీరానికి ముందుగా తగిలే దెబ్బ అదే. తెల్ల కణాలు ఎక్కువ కావడం వల్లే మనిషి చిక్కిపోతాడని చాలామంది అనుకుంటారు. చాలా సందర్భాల్లో ప్రాణం మీదికి తెచ్చేది మంచి కణాల కొరత. ప్లేట్‌లెట్లు పడిపోతే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు వస్తాయి, కాళ్ల మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు లేస్తాయి. వేలితో నొక్కినా ఆ చుక్కల రంగు పోదు. న్యూట్రోఫిల్స్ లేకపోతే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. పుండు పడినా చీము కూడా సరిగా పట్టదు, ఎందుకంటే చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. ఎర్ర కణాలు తగ్గి పాలిపోవడం, ఆయాసం ఎలాగూ ఉంటాయి. వాటిని చూసి మామూలు రక్తహీనతే అనుకుని నెలల తరబడి ఐరన్ టానిక్కు తాగించినవాళ్లున్నారు.

పిల్లల్లో ఇంకో లక్షణం ఉంది. వాళ్లకు కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లోనూ మూలుగ చురుగ్గా పనిచేస్తుంటుంది. అది కిక్కిరిసిపోతే ఎముకలు నొప్పెడతాయి. ఒక ఆరేళ్ల బాబుకు కీళ్లవాతమనుకుని స్టెరాయిడ్ ఇచ్చారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ రకంలో స్టెరాయిడ్ కూడా కొన్నాళ్లు బ్లాస్టులను చంపుతుంది. దాంతో నొప్పి పోయింది, బాబు లేచి ఆడుకున్నాడు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మందు ఆపాక జబ్బు మళ్లీ తలెత్తింది. రెండు నెలల తర్వాత వచ్చిన ఆ బాబు రక్తపు స్లైడు చూసింది నేనే. ముందే ఒక్క స్లైడు చూసి ఉంటే అన్న బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు. పిల్లల కాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ పరీక్షతో పాటు స్మియర్ కూడా చూడమని వైద్యులను చేతులెత్తి వేడుకుంటున్నాను.

స్మియర్ అంటే గాజుపలక మీద రక్తపు బొట్టును పలచగా పరిచి, రంగు వేసి, కంటితో చూడటం. ఇప్పుడు యంత్రాలు నిమిషంలో కణాలను లెక్కపెట్టేస్తున్నాయి. తేడా ఉంటే హెచ్చరిక గుర్తు కూడా వేస్తాయి. ఆ గుర్తు చూసి ఎవరో ఒకరు స్లైడు తీయాలి కదా. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో తెల్ల కణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే నార్మల్ అని రిపోర్టులో ఉంటుంది. లుకేమియా ఉండి కూడా ఆ అంకె నార్మల్‌గానో, ఇంకా తక్కువగానో ఉన్న స్లైడులు చాలా చూశాను. మరోవైపు మామూలు ఇన్ఫెక్షన్‌తో 15,000కు పెరిగిన అంకె చూసి రాత్రంతా ఏడ్చిన తల్లులనూ చూశాను. ఒక్క అంకెను బట్టి ధైర్యపడటమూ తగదు, భయపడటమూ తగదు.

ఇక చికిత్స మధ్యలో మానేసేవాళ్ల గురించి. ఈ లింఫోబ్లాస్టిక్ రకంలో మొదటి నెల మందులకే చాలామంది పిల్లల స్లైడు శుభ్రంగా కనిపిస్తుంది. ఇంకా రెండేళ్లకు పైగా మందులెందుకని కొందరు ఇంటికి వెళ్లిపోతారు. జబ్బు బయటపడే నాటికి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల చెడ్డ కణాలుండవచ్చు. స్లైడు మీద ఒక్కటీ కనబడని రోజున కూడా లోపల వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండే అవకాశముంది. కొన్ని మెదడు చుట్టూ ఉండే ద్రవంలో దాక్కుంటాయి. వెన్నులోకి సూది ద్వారా మందు ఎక్కించేది వాటి కోసమే. ఈ సంగతి ముందే విడమరిచి చెబితే చాలామంది ఆగుతారు, నేను చూశాను.

ఈ జబ్బు వస్తే ఆశ లేదన్నట్టు రాయడం కూడా ఇక మానాలి. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ మందును అందించింది మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ పిల్లలకు వాడుతున్నారు. మంచి చికిత్స పూర్తిగా అందే చోట్ల ఇప్పుడు లింఫోబ్లాస్టిక్ రకం వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మంది బతుకుతున్నారు. పెద్దల్లో ఎక్కువగా వచ్చే, నెమ్మదిగా ముదిరే క్రానిక్ మైలాయిడ్ రకానికి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్రలున్నాయి. అన్ని రకాలూ ఇంత లొంగవు, నిజమే. అయినా రకం పేరు చెప్పకుండా అన్నిటినీ ఒకే గాట కట్టి ‘ప్రాణాంతక వ్యాధి’ అని శీర్షిక పెడితే, ఆ ఇంట్లో వాళ్ల కాళ్లూ చేతులూ ఆడవు. ఇది అంటువ్యాధి కాదన్న ముక్క కూడా రాయండి. జుట్టు రాలిన పిల్లల పక్కన కూర్చోడానికి జంకేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈసారి లుకేమియా మీద వార్త వేసేటప్పుడు, ఆసుపత్రి మంచం ఫొటో పక్కన నాలుగు లైన్ల చోటు వదలండి. నొక్కినా రంగు పోని చుక్కల గురించి, తగ్గి తిరగబెట్టే జ్వరం గురించి, స్మియర్ అడగమని ఆ చోట్లో వేయండి. దానమిచ్చిన ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి నిలవ ఉండవని, అందుకే దాతలు ఏడాది పొడవునా కావాలని కూడా చేర్చండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్