సినిమాను చదివితే ఆనందం పోతుందా?

సంపాదకులకు,

డిగ్రీ కళాశాలల్లో సినిమాను ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెట్టాలా వద్దా అని మీ పత్రికలో సాగుతున్న చర్చ చదువుతున్నాను. హాయిగా చూసే ఆ ఒక్కదాన్నీ పాఠం చేసి పిల్లల సంతోషం చెడగొట్టడం ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. ఆయన భయం ఉత్తదేమీ కాదు. ఒక వేసవిలో సినిమా రసాస్వాదన కోర్సు చేసి వచ్చాక చాలాకాలం నాకు ఏ సినిమా రుచించలేదు. నాయిక ఏడుస్తుంటే, ఆమె చెంప మీది వెలుగు ఏ పక్క నుంచి పడుతోందా అని చూసేవాడిని. షాటు ఎక్కడ తెగిందో పైకే చెప్పేవాడిని. ఇంట్లోవాళ్లు నాతో కలిసి సినిమా చూడటం మానుకున్నారు, పాపం వాళ్ల తప్పేముంది!

ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది. ‘మాయాబజార్‌’ (1957)లో ‘లాహిరి లాహిరి’ పాటకు కాసిన వెన్నెల చంద్రుడిది కాదని, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కల్పించినదని తెలిశాక ఆ పాట నాకు మరింత దగ్గరైంది. వెన్నెలా కనిపిస్తుంది, దాన్ని కాయించిన పనితనమూ కనిపిస్తుంది. పోయిందల్లా నాసిరకం సినిమాను ఓర్చుకునే గుణం. వయొలిన్లు మోగించి కన్నీళ్లు పిండే దృశ్యానికి ఇప్పుడు నా కళ్లు చెమర్చవు. అది నష్టమే అనేవారితో వాదించను. ఏమీ తెలియకుండా ఏడవడంలోనూ ఒక సుఖం ఉంది.

కానీ ఇది వినోదంతో ముగిసే విషయం కాదు. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని సూపు గిన్నె తరువాత, శవపేటిక తరువాత, ఒక స్త్రీ తరువాత అతికించి చూపించాడట. ప్రేక్షకులకు ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, మరోసారి కోరిక కనిపించాయట. ముఖం మాత్రం మూడుసార్లూ ఒక్కటే. మన ఫోన్లలోకి వచ్చే రాజకీయ వీడియోలలో చాలావాటి కిటుకు ఇదే. ఎప్పుడో ఎక్కడో నవ్విన నాయకుడి ముఖాన్ని ఇవాళ జరిగిన ప్రమాదం పక్కన పెడితే చాలు, ఆయన రాక్షసుడైపోతాడు. కొత్తగా ఓటు హక్కు వచ్చిన పిల్లలకు ఆ అతుకు కనిపెట్టే కన్ను ఇవ్వడం కళాశాల పని కాదా?

నా దిగులల్లా బోధన గురించి. పద్యానికి పట్టిన గతి చూశాం. ప్రతిపదార్థం, తాత్పర్యం, గణవిభజన, మార్కులు. పరీక్ష రాసిన మర్నాటి నుంచి పోతన పద్యం నోట పలికినవారు ఎందరు? సినిమాకూ ఆ గతి పట్టించడం ఏమంత కష్టం కాదు. ‘క్లోజప్ అనగానేమి?’ అని రెండు మార్కుల ప్రశ్న వేస్తే సరి.

ఒకప్పుడు ఫిల్మ్ సొసైటీలవారు, అంటే మంచి సినిమాలు కలిసి చూసి చర్చించుకునే సంఘాలవారు, పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి ప్రింట్లు తెప్పించుకునేవారు. ముందు సినిమా మొత్తం చూసేవారు, మాటలు తరువాత. కళాశాలల్లోనూ ఆ వరసే ఉండాలి. చీకటి చేయగల గది, మంచి తెర లేనిచోట ఈ పాఠ్యాంశానికి అనుమతి ఇవ్వవద్దు. మొదటిసారి చూస్తున్నప్పుడు అధ్యాపకుడు మధ్యలో ఆపి వివరించకూడదు. ప్రశ్నపత్రం తీసేసి, ప్రతి విద్యార్థినీ తనకు నచ్చిన ఒక్క దృశ్యం గురించి రెండు పేజీలు రాయమనండి. గైడ్లు అచ్చువేసేవారికి కొంత నష్టం వస్తుంది, వాళ్లు తట్టుకోగలరు.

– విశ్రాంత అధ్యాపకుడు, ఏలూరు